చివరి లైటు దగ్గర 7.5 వోల్టులు: ఒక ఫామ్‌హౌస్ తోట లైటింగ్ కేసు

మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఫామ్‌హౌస్‌లే. అందులో ఒకచోట నుంచి ఏప్రిల్ చివర్లో పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. "తోటలో 34 లైట్లున్నాయి బాబూ. దూరంగా ఉన్నవి గుడ్డిగా వెలుగుతాయి. దగ్గరున్నవి మూణ్నెల్లకోసారి మాడిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పటికి రెండుసార్లు కాలింది. ఈసారి 600 వీఏది పెద్దది ఒకటి వేసెయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు.

ఒకే తోటలో కొన్ని లైట్లు వోల్టేజీ చాలక, కొన్ని ఎక్కువై పాడవుతున్నాయంటే, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే రెండో రోగం ముదురుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. ఇది ఫోన్లో చెబితే ఎవరూ నమ్మరు. మీటర్లు సర్దుకుని మా కుర్రాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాను. రాత్రి అక్కడే పడుకుంటామని ముందే చెప్పాను. తోట లైట్ల సంగతి పగలు చూస్తే తెలియదు.

బాక్సులో కనిపించినవి

బోరు మోటార్ స్టార్టర్ పక్కన, పడమటి గోడకు జీఐ రేకు బాక్సు. మధ్యాహ్నం మూడింటికి థర్మామీటర్ లోపల పెట్టి తలుపు మూశాను. పావుగంట తర్వాత చూస్తే 63 డిగ్రీలు. ఒక్క లైటు కూడా వెలగకుండానే అంత వేడి.

లోపల 230 వోల్టులను 12 చుట్టూ దించే 300 వీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు. వీఏ అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకె, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత బరువు మోయగలదో చెబుతుంది. మొదటిదాని మీద లాన్ గట్టున పది స్పైక్ లైట్లు, తామర కొలనులో మూడు నీటి లైట్లు, గుమ్మం దగ్గర నాలుగు. రెండోదాని మీద మామిడి చెట్ల కింద ఎనిమిది, దారి పొడవునా తొమ్మిది బొల్లార్డులు (పొట్టి స్తంభం లైట్లు). బాక్సు అడుగున ఎప్పుడో చచ్చిపోయిన ఎస్‌ఎంపీఎస్‌లు (ఎలక్ట్రానిక్ పవర్ సప్లైలు) రెండు, వాటిలో ఒకదాని కెపాసిటర్లు తలలు ఉబ్బి ఉన్నాయి. ఒక మూల చీమల పుట్ట, ఇంకో మూల టెర్మినళ్ల మధ్య ఎండిపోయిన బల్లి. మెయిన్ వైపు 6 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే పడిపోయే స్విచ్. కరెంటు భూమిలోకి లీకైతే పడిపోయే ఆర్‌సీసీబీ కూడా ఉంది, కాకపోతే దాన్ని దాటేస్తూ జంపర్ వేసి ఉంది.

ఇదేంటని తోటమాలిని అడిగాను. "వాన పడితే సాలు ట్రిప్ అయితున్నదని పాత ఎలక్ట్రీషియన్ డైరెక్ట్ ఇచ్చిండు సార్" అన్నాడు. కాసేపాగి మామూలుగా ఇంకో మాట అన్నాడు: "కొలను కడిగేటప్పుడు చెయ్యి జివ్వుమంటది."

ఆ మాట విన్నాక లైట్ల మసకా గిసకా అన్నీ పక్కన పెట్టాం. మెయిన్ ఆపి కొలను లైను రెండు వైర్లూ విప్పేసి, కొసలకు టేపు చుట్టాం. తర్వాత మొదటి ట్రాన్స్‌ఫార్మర్ వైర్లన్నీ తీసేసి, ప్రైమరీకి (230 వైపు చుట్ట) సెకండరీకి (12 వైపు చుట్ట) మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్) పెట్టాం. మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయితే వందల మెగా ఓమ్‌లు చూపిస్తుంది. ఇది 0.02 దగ్గర ఆగింది, అంటే 20 కిలో ఓమ్‌లు. ఎండకు ఎండిన బాక్సులోనే ఇంత తక్కువంటే, ఆగస్టు వానల్లో ఇంకెంత పడిపోయేదో.

12 వోల్టులు కదా, ముట్టుకున్నా ఏం కాదులే అని అందరం అంటుంటాం. ప్రైమరీ, సెకండరీ పూర్తిగా విడిగా ఉన్నంతవరకే ఆ మాట నిజం. మధ్యలో 20 కిలో ఓమ్‌లే ఉంటే 230 వోల్టుల నుంచి 11 మిల్లీ ఆంపియర్ల దాకా నీళ్లలోకి దారి దొరుకుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి అది ఒక్కటే అయితే ట్రిప్ అయ్యేంత లీకేజీ కూడా కాదు. మనిషికి మాత్రం చెయ్యి జివ్వుమంటుంది. ఇంకొంచెం పెరిగితే పట్టుకున్నది వదలడం కష్టం. తోటమాలి అదృష్టవంతుడు.

ఆ ట్రాన్స్‌ఫార్మర్ విప్పి చూస్తే ప్రైమరీ మీదే సెకండరీ చుట్టి, మధ్యలో కాగితం ఒక్క పొర వేశారు. బయట మామూలు వాడకానికి అదైనా నడుస్తుందేమో గానీ, నీటి దగ్గరికి పనికిరాదు. అక్కడ ఐఈసీ 61558-2-6 ప్రకారం చేసిన సేఫ్టీ ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మరే వాడాలి. రెండు వైండింగులూ వేర్వేరు గదుల్లో ఉండే బాబిన్ (వైరు చుట్టే చట్రం) గానీ, డబుల్ ఇన్సులేషన్ గానీ ఉంటుంది అందులో.

రాత్రి రీడింగులు

సాయంత్రం ఏడున్నర. చుట్టుపక్కల బోర్లు నడుస్తున్నాయి. ఇంటికి వచ్చే సప్లై 204 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ దగ్గర 12.3. లాన్ మొదటి లైటు దగ్గర 11.1. అక్కడి నుంచి టార్చి పట్టుకుని మా కుర్రాడు ఒక్కో లైటుకీ వంగుతూ రీడింగ్ చెబుతుంటే నేను రాసుకున్నాను. పదో లైటు దగ్గరికి పోయి కాసేపు మాట్లాడలేదు. "అన్నా, మీటర్ సెల్ అయిపోయిందేమో, ఏడున్నరే చూపిస్తోంది" అన్నాడు.

మీటర్ బాగానే ఉంది. లాన్ మీద పది లైట్లూ ఒకదాని తర్వాత ఒకటి, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ మీద గొలుసులా వేలాడుతున్నాయి. మొదటిది పది మీటర్ల దూరంలో, చివరిది 55 మీటర్ల దగ్గర. క్లాంప్ మీటర్ 8.3 ఆంపియర్లు చూపించింది. 7 వాట్ల లైట్లు పది అంటే 70 వాట్లు, 12తో భాగిస్తే ఆరు ఆంపియర్లు కూడా రాకూడదు కదా అని ఓనర్ గారు అడిగారు. ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ ఏసీని ముక్కలుగా లాగుతుంది. పవర్ ఫ్యాక్టర్ 0.7 అనుకుంటే 7 వాట్ల లైటు ట్రాన్స్‌ఫార్మర్‌కి 10 వీఏ బరువు. అందుకే వాట్లు కూడి ట్రాన్స్‌ఫార్మర్ కొనకూడదు. క్లాంప్ మీటర్ కూడా ట్రూ ఆర్‌ఎంఎస్‌ది ఉండాలి, చవక మీటర్లు ఇలాంటి కరెంటును తప్పుగా చూపిస్తాయి.

ఈ సైజు రాగికి కిలోమీటరుకు 7.41 ఓమ్‌లు. పోను, రాను రెండు వైర్లకీ లెక్క వేసుకోవాలి. మొదటి పది మీటర్లలో 8.3 ఆంపియర్లూ పోతాయి, అక్కడ 1.2 వోల్టులు. తర్వాత ఒక్కో లైటు దాటేకొద్దీ కరెంటు తగ్గుతుంది, ఆ 45 మీటర్లలో మరో 2.8. మొత్తం 4. కానీ మాకు దొరికిన డ్రాప్ 4.8. కేబుల్ లెక్కలో లేని ఆ 0.8 వోల్టు ఎక్కడ పోయిందని మర్నాడు వెతికాం. మట్టిలో మూడు జాయింట్లు, నల్ల టేపు చుట్టి పాతిపెట్టినవి. టేపు విప్పితే రాగి లేదు, పచ్చటి పొడి ఉంది.

అర్ధరాత్రి దాటి రెండింటికి అలారం పెట్టుకుని లేచాం. సప్లై 251 వోల్టులు. సెకండరీ దగ్గర 15.5. గుమ్మం లైట్లు ట్రాన్స్‌ఫార్మర్‌కి దగ్గర కాబట్టి వాటికి 15.2 అందుతోంది. వాటి వెనక ముద్రించి ఉన్నది 12 వోల్టులని. మూణ్నెల్లకోసారి ఎందుకు మాడుతున్నాయో అప్పుడు తెలిసింది.

సెకండరీ 15 దాకా ఎలా పోయింది? 14 వోల్టుల ట్యాప్ (సెకండరీ చుట్ట నుంచి బయటికి తీసిన, ఎక్కువ వోల్టులిచ్చే కొస) మీద పెట్టారు కాబట్టి. దూరపు లైట్లు మసకగా ఉన్నాయని డాలస్‌లో ఉన్న వాళ్లబ్బాయికి చెబితే, "అక్కడ ట్యాప్ మార్చుకోమను నాన్నా, మేమిక్కడ అలాగే చేస్తాం" అన్నాడట. అతను చెప్పింది అబద్ధం కాదు. అమెరికాలో తోట లైట్ల ట్రాన్స్‌ఫార్మర్లకు 12 నుంచి 15 దాకా ట్యాపులు మామూలే. దూరం పోయే కేబుల్ ఒక్కదాన్ని పెద్ద ట్యాప్ మీద పెడతారు, దగ్గరివి 12 మీదే ఉంచుతారు. అక్కడి సప్లై 120 చుట్టూ నిలకడగా ఉంటుంది కాబట్టి ఒకసారి సరిచేసుకుంటే అలాగే నిలుస్తుంది. ఇక్కడేమో లైన్లన్నీ కలిపి ఒకే ట్యాప్ మీద పెట్టారు. పైగా సాయంత్రానికీ అర్ధరాత్రికీ మన సప్లైలో 47 వోల్టుల తేడా. కేబుల్ పొడవు మారదు కాబట్టి దానికి ట్యాప్ మందు. ఊగే సప్లైకి ట్యాప్ మందు కాదు. సాయంత్రానికి సరిపడా పెడితే అర్ధరాత్రి లైట్లు మాడతాయి.

వాళ్లబ్బాయి మంచి స్టెయిన్‌లెస్ స్టీల్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఒకటి సూట్‌కేసులో పంపాడు. ఓనర్ గారు అట్టపెట్టె తెచ్చి ముందు పెట్టారు. ముట్టుకుంటే పని మీద ప్రేమ పుట్టే వస్తువు. ప్లేటు మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్. నేరుగా 230కి పెడితే వెంటనే పోతుంది, అది అందరికీ తెలుసు. "మధ్యలో స్టెప్‌డౌన్ పెడదాం" అన్నారాయన. 120 ఇచ్చినా మన ఫ్రీక్వెన్సీ 50. వోల్టేజీని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే వచ్చేదే ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోర్ మీద పడే భారం: అక్కడ 120ని 60తో భాగిస్తే 2, ఇక్కడ 50తో భాగిస్తే 2.4. కోర్ 20 శాతం ఎక్కువ మోయాలి. గుయ్యిమని మోగుతూ, లోడ్ లేకుండానే వేడెక్కుతుంది. మళ్లీ పెట్టెలో పెట్టించేశాను.

ట్రాన్స్‌ఫార్మర్ ఎలా కాలింది

కిందటి సెప్టెంబరులో రెండోసారి కాలినప్పుడు "కంపెనీ మాల్ బాగాలేదు" అనుకున్నారట. నాకెందుకో నమ్మకం కుదరలేదు. తోటమాలిని మళ్లీ కూర్చోబెట్టి అడిగితే ఆగస్టులో గులాబీల మడి తవ్వుతుంటే పార తగిలి "వైరు కొంచెం గీసుకున్నది" అన్నాడు. అక్కడ తవ్వాం. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 40 మీటర్ల దూరం. రెండు వైర్లూ తెగి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడు ఆ ముక్కను అక్కడే వదిలేసి పక్కనుంచి కొత్త వైరు లాగారు. పచ్చటి పొడి జాయింట్లలో రెండు ఆ పనిలో వేసినవే.

షార్ట్ అయితే ఎంసీబీ ట్రిప్ అవ్వాలి కదా అంటారు. ఇక్కడే చాలామంది ఎలక్ట్రీషియన్లు మోసపోతారు. 40 మీటర్లు పోనూ రానూ రాగి నిరోధం 0.59 ఓమ్. 14 వోల్టుల మీద షార్ట్ అయినా 22, 23 ఆంపియర్లకు మించి పారదు. మిగతా లైట్లతో కలిపి ట్రాన్స్‌ఫార్మర్ మీద దాదాపు 400 వీఏ. మెయిన్ వైపు చూస్తే అది 1.7 ఆంపియర్లు. 6 ఆంపియర్ల ఎంసీబీకి అక్కడ ఏదో జరుగుతోందని కూడా తెలియదు. దాని లెక్కలో అది షార్టు కాదు, ఇంకొన్ని లైట్లు. 300 వీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆ పొయ్యిలాంటి బాక్సులో రోజూ రాత్రంతా 400 మోస్తూ నెల రోజులు బతికిందంటే, కంపెనీ మాల్ నిజానికి బాగానే ఉన్నట్టు.

ఓనర్ గారు అడిగినట్టు 600 వీఏది వేసి ఉంటే? అది ఆ షార్టును హాయిగా మోసేది. ట్రాన్స్‌ఫార్మర్ కాలేది కాదు. తెగిన చోట కేబులే ఎప్పటికో అంటుకునేది.

ఏం వేశాం

రెండు పెద్దవి తీసేసి నాలుగు చిన్నవి పెట్టాం. లాన్‌కి 150 వీఏ, మామిడి చెట్లకి 150, దారికీ గుమ్మానికీ కలిపి 150, కొలనుకు విడిగా 60 వీఏ సేఫ్టీ ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్, ఒడ్డు నుంచి నాలుగు మీటర్ల అవతల. దాని సెకండరీని ఎర్త్ చేయలేదు. చేస్తే మంచిదేమో అని మా కుర్రాడు అన్నాడు. చేస్తే అది పూర్తిగా విడిగా ఉన్న లైను కాకుండా పోతుంది, వేరేచోట ఎర్తు మీదికి వచ్చిన ఫాల్ట్ వోల్టేజీ నీళ్లలోకి దిగుతుంది.

అసలు మార్పు ట్రాన్స్‌ఫార్మర్లలో కాదు, అవి ఉన్న చోట్లలో. స్టార్టర్ పక్కన గుంపుగా పెట్టకుండా, ఒక్కోదాన్ని దాని లైట్ల మధ్యకు తీసుకెళ్లాం. లాన్ దాకా 230 వోల్టులు ఆర్మర్డ్ కేబుల్‌లో 75 సెంటీమీటర్ల లోతున పోతాయి. అదే 100 వీఏ లోడు 230 మీద తీసుకెళ్తే కరెంటు అర ఆంపియర్ కూడా ఉండదు, 60 మీటర్లకు డ్రాప్ 0.4 వోల్టు. 230లో 0.4 అంటే లెక్కలోకి రాదు. అక్కడి నుంచి ఐదేసి లైట్లతో రెండు పాయలు, 4 స్క్వేర్ కేబుల్. చివరి లైటు 24 మీటర్లు, డ్రాప్ లెక్కలో 0.54 వోల్టు. ప్రతి పాయకూ సెకండరీలో 10 ఆంపియర్ల ఫ్యూజు విడిగా. ఇక పార తగిలితే తోటమాలి ఏమీ చెప్పకపోయినా ఫ్యూజు చెబుతుంది.

లైట్లు కూడా మార్చాం, 9 నుంచి 16 వోల్టుల దాకా తట్టుకునేవి. డబ్బు అక్కడ పెట్టమని పట్టుబట్టాను. సప్లై ఊగడం మన చేతుల్లో లేదు, కాబట్టి ఊగినా ఓర్చుకునే లైటు కావాలి.

ఎస్‌ఎంపీఎస్ వేస్తే ఈ ఊగిసలాట గొడవే ఉండదు కదా అని మీలో కొందరికి అనుమానం వచ్చే ఉంటుంది. నిజమే, ఇన్‌పుట్ 100 నుంచి 240 దాకా ఏదిచ్చినా అవుట్‌పుట్ స్థిరంగా ఇస్తుంది, తేలిక, చవక. ఇంట్లో, సిటీలో నేనూ అవే వాడతాను. ఇక్కడ అర్ధరాత్రి 251 వస్తోంది, పక్కనే బోరు స్టార్టర్, మే నెలలో ఉరుములు. కెపాసిటర్ ఆయుష్షు పది డిగ్రీలు పెరిగితే సగమవుతుంది. బాక్సు అడుగున చచ్చిపడి ఉన్న రెండూ చూశాక మళ్లీ అవే పెట్టడానికి చెయ్యి రాలేదు. రాగి, ఇనుము ఉన్న పాతకాలం టొరాయిడల్ (రింగు ఆకారపు కోర్ మీద చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్) చాలన్నాను. సర్జ్ ప్రొటెక్టర్ ఎలాగూ మెయిన్ బోర్డులో పెట్టాం. హాలోజన్ల కోసం చేసిన చిన్న ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్ల మాటైతే తోటలో ఎత్తొద్దు. వాటికి కనీస లోడు ఇంత ఉండాలని ఉంటుంది, ఎల్‌ఈడీలు పెడితే మినుకుమినుకుమంటాయి. అవుట్‌పుట్ కూడా వేల హెర్ట్జ్‌లలో ఉంటుంది, పొడవు కేబుల్‌కి పనికిరాదు.

150 వీఏవి మూడూ జీడిమెట్లలో చుట్టించాను. ప్లేటు మీద రాసింది నేను నమ్మను. వర్క్‌షాపులో పాత 50 వాట్ల హాలోజన్లు మూడు ఒక్కోదానికీ తగిలించి రెండు గంటలు వెలిగించాను. ఖాళీగా 12.9, ఫుల్ లోడు మీద 12.0. ఫర్వాలేదు. మొదట తెచ్చిన మూడింటిలో ఒకటి అదే లోడుకు 11.2కి పడిపోయి, వార్నిష్ వాసన కొట్టింది. పట్టుకుంటేనే మిగతావాటి కంటే తేలిక. వెనక్కి ఇచ్చేసి ఇంకోటి చుట్టించాను.

బాక్సులు నీడపట్టున, నేలకు రెండడుగుల ఎత్తున. ఐపీ 65 (దుమ్మూ నీళ్లూ చొరని) బాక్సు గట్టిగా మూసేస్తే నీరు రాదు, లోపలి వేడి బయటికీ పోదు. అందుకని అడుగున జాలీ ఉన్న బాక్సు తీసుకున్నాం, వైర్లన్నీ కింది నుంచే గ్లాండుల్లోంచి వస్తాయి. జాలీకి సన్నటి స్టీల్ మెష్, బల్లుల కోసం.

ఆర్‌సీసీబీ జంపర్ తీసేశాం.

తర్వాత జరిగింది

మొదటి సాయంత్రమే మా పరువు పోయింది. టైమర్ ఆన్ అవగానే ఎంసీబీ టప్‌మని పడిపోయింది. ఓనర్ గారు బంధువుల్ని కూడా పిలిచారు ఆ రోజు. టొరాయిడల్ ఆన్ అయ్యే క్షణంలో మామూలు కరెంటుకి ఎన్నో రెట్లు లాగుతుంది. నాలుగూ ఒకేసారి, అలాంటి క్షణకాలపు కరెంటుకే పడిపోయే బీ కర్వ్ ఎంసీబీ మీద పెట్టాను. తెలిసి చేసిన తప్పు, బ్యాగులో అదే ఉందని. మర్నాడు దాన్ని కాస్త ఓర్చుకునే సీ కర్వ్ వేసి, టైమర్‌లో ఒక్కోదానికీ ఐదేసి సెకన్ల తేడా పెట్టాక మళ్లీ పడలేదు.

మెయింటెనెన్స్ ఏడాదికి రెండుసార్లు అనుకున్నాం, వానలకు ముందు మే నెలలో, వానలు ఆగాక అక్టోబరులో. ఎక్కువసేపు పట్టే పనేం కాదు. టెర్మినల్ స్క్రూలు బిగించడం, వేడికీ చల్లదనానికీ అవి వదులవుతాయి. లగ్గు (వైరు కొసకు నొక్కే లోహపు తొడుగు) నల్లబడితే కోసి కొత్తది వేయడం. జాలీలో చీమలు, ఆకులు ఊడ్చడం. లైట్ల వైర్లు విప్పి, ప్రైమరీ సెకండరీల మధ్య మెగ్గర్ పెట్టి అంకె రాసుకోవడం. చివరిగా చీకటి పడ్డాక ప్రతి పాయ చివరి లైటు దగ్గరా వోల్టేజీ, అదే నిమిషంలో ఇంటి సప్లై ఎంతో. సప్లై పక్కన రాసుకోకపోతే ఆ రీడింగ్ ఎందుకూ పనికిరాదు, కిందటిసారితో పోల్చలేం.

అక్టోబరులో వెళ్లినప్పుడు సప్లై 211 ఉంది. లాన్ చివర 10.7, లెక్క ప్రకారం ఉండాల్సినంత. మామిడి చెట్ల వైపు ఒక పాయ మాత్రం జూన్ నాటి కంటే 0.6 తక్కువ. లైట్లు చూస్తే ఏ తేడా తెలియదు, అంకె చూస్తేనే తెలుస్తుంది. రెండో లైటు దగ్గర జాయింట్ తవ్వాం. జెల్ నిండిన కనెక్టర్ పెట్టమంటే మా కుర్రాడు వైరు సగమే లోపలికి తోసి మూత నొక్కేశాడు. నాలుగు నెలల్లో అక్కడ రాగి పచ్చబడటం మొదలైంది. "వానొస్తోందని తొందరపడ్డానన్నా" అన్నాడు. వాడితోనే కోయించి, వాడితోనే మళ్లీ వేయించాను. 0.6 వెనక్కి వచ్చింది.

కొలను ట్రాన్స్‌ఫార్మర్ మెగ్గర్‌లో స్కేల్ చివరిదాకా చూపించింది. తోటమాలి ఇప్పటికీ కర్రతో ఒకసారి నీళ్లు కదిపి చూసుకున్నాకే చెయ్యి పెడుతున్నాడు. వద్దని చెప్పలేదు.

వచ్చేస్తుంటే ఓనర్ గారు గేటు దాకా వచ్చి, అక్కడ చీకటిగా ఉంది, ఇంకో ఆరు బొల్లార్డులు వేసెయ్యమన్నారు. దారి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇప్పటికే 103 వీఏ ఉంది, 120 దాటించకూడదని నా లెక్క. రెండు వేయగలనన్నాను. ఆరు కావాలంటే గేటు దగ్గర ఇంకో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి, 230 కేబుల్ అక్కడిదాకా లాగాలి, మళ్లీ తవ్వకం. "150కి 120 దగ్గరే ఆపడమేంటయ్యా" అన్నారు. ప్రస్తుతానికి రెండే వేశాం. మిగతా నాలుగింటి సంగతి వాళ్లబ్బాయి డిసెంబరులో వచ్చాక తేలుస్తామన్నారు.